రియాద్‌ను రాజధాని చేసినవాడు

రియాద్‌లో బతికిన తెలుగువాడికి బతా తెలియకుండా ఉండదు. జీతం చేతికొచ్చిన వారం ఇంటికి డబ్బు పంపేదీ, ఊరివాళ్లు కనబడేదీ అక్కడే. 1994లో బోధన్ నుంచి ఏసీ మెకానిక్‌గా వెళ్లి పదమూడేళ్లు నేను ఆ పేటలోనే ఉన్నాను. శుక్రవారం జుమ్మా నమాజుకు దీరాలోని పెద్ద మసీదుకు నడిచి వెళ్లేవాణ్ని. దాని పేరు ఇమామ్ తుర్కీ బిన్ అబ్దుల్లా మసీదు. ఆ పేరు వందసార్లు చదివి ఉంటాను. ఆయనెవరని నాలుగేళ్ల దాకా ఎవర్నీ అడగలేదు.

చివరికి చెప్పింది ఒక ముసలి బడిపంతులు. వాళ్లింట్లో కిటికీ ఏసీ విప్పి దుమ్ము దులుపుతుంటే, జుమ్మాకు ఎక్కడికి వెళ్తావని అడిగాడు. చెప్పాను. ‘‘ఆయన్ని చంపింది శుక్రవారమే, సదీక్. నమాజు ముగించుకుని బయటికి వస్తుండగా’’ అన్నాడు. చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, ‘‘ఎవరు చంపారు, ఉస్తాద్?’’ అన్నాను. ‘‘సొంత మేనల్లుడు చంపించాడు’’ అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన పోసిన కహ్వా తాగుతూ కథంతా విన్నాను. తర్వాత దొరికినంతా చదివాను.

సౌదీలో సెప్టెంబరు 23 జాతీయ దినం. 1932లో అబ్దులజీజ్ రాజు దేశానికి ఇప్పటి పేరు పెట్టిన రోజది. ఫిబ్రవరి 22 స్థాపన దినం. 1727లో దిరియాలో ముహమ్మద్ బిన్ సౌద్ పాలన మొదలైనందుకు గుర్తు. ఈ రెండింటి నడుమ ఆ రాజ్యం ఒకసారి నేలమట్టమైంది. దాన్ని తిరిగి లేపిన తుర్కీకి అలాంటి రోజు లేదు. నా దృష్టిలో ముగ్గురిలో అన్నిటికంటే కష్టమైన పని చేసినవాడు ఆయనే.

ఎంత కష్టమో తెలియాలంటే 1818 చూడాలి. ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ కొడుకు ఇబ్రహీం పాషా ఫిరంగులతో వచ్చి దిరియాను నెలల తరబడి ముట్టడించాడు. ఇమామ్ అబ్దుల్లా బిన్ సౌద్ లొంగిపోయాడు. ఆయన్ని ఇస్తాంబుల్ తీసుకెళ్లి తల నరికారు. కుటుంబంలో ఎందరినో బందీలుగా ఈజిప్టుకు తరలించారు. ఊళ్లో ఇళ్లు కూల్చారు, ఖర్జూర తోటలు నరికారు. ఎడారిలో తోట నరకడమంటే మనుషులు మళ్లీ అక్కడ బతకకుండా చేయడమే.

ముహమ్మద్ బిన్ సౌద్‌కు మనవడైన తుర్కీ ఆ ముట్టడి నుంచి తప్పించుకున్నాడు. రెండేళ్లకే బంధువు మిషారీ బిన్ సౌద్‌తో కలిసి తిరిగి తలెత్తాడు. ఇబ్న్ ముఅమ్మర్ అనే నాయకుడు మిషారీని పట్టి శత్రువులకు అప్పగిస్తే, తుర్కీ అతణ్నీ అతని కొడుకునూ చంపాడు. ఆ రక్తాన్ని నేను కడగబోను. ఆనాటి నజ్ద్‌లో, అంటే మధ్య అరేబియాలో, ఎవరి చేతులూ శుభ్రంగా లేవు. మళ్లీ ఈజిప్టు సైన్యం రావడంతో రియాద్ విడిచి దక్షిణాన కొండల్లోకి వెళ్లాడు. ఆ రోజుల్లో ఆయనకు తోడున్న కత్తి పేరు అజ్రబ్, అంటే గజ్జి పట్టినది. దాని మీది తుప్పు వల్ల ఆ పేరొచ్చిందంటారు. ఆ కత్తి చాలాకాలం బహ్రెయిన్ పాలకుల దగ్గర ఉంది. 2010లో వారు దాన్ని సౌదీ రాజు అబ్దుల్లాకు తిరిగి ఇచ్చారు.

1823లో ఇర్కా అనే చిన్న ఊరి నుంచి తుర్కీ మళ్లీ మొదలుపెట్టాడు. 1824లో రియాద్ ఆయన వశమైంది. ఆయన గొప్పతనం ఆ తర్వాత తీసుకున్న నిర్ణయాల్లో ఉందని నా నమ్మకం.

మొదటిది రాజధాని. తాతముత్తాతల దిరియా దగ్గర్లోనే ఉంది. మమకారం అటే లాగి ఉంటుంది. ఆయన మాత్రం తోటలూ నీళ్లూ ఉన్న రియాద్‌ను ఎంచుకుని కోట గోడలు బాగుచేయించాడు, పెద్ద మసీదు కట్టించాడు. రెండోది హద్దు. మొదటి రాజ్యం మక్కా, మదీనాలను ఆక్రమించి ఉస్మానియా సుల్తాను ఆగ్రహాన్ని కొని తెచ్చుకుంది. తుర్కీ నజ్ద్‌ను కూడదీసుకున్నాడు, 1830లో తూర్పున అహ్సా గెలిచాడు, ఆ రెండు నగరాలున్న హిజాజ్ జోలికి మాత్రం పోలేదు. ఇల్లు ఎందుకు కూలిందో తెలుసుకుని కట్టినవాడు ఆయన. మూడోది జనం. ప్రజల్ని పీడించే అమీర్లను ఆయన పిలిచి గట్టిగా హెచ్చరించిన సంగతిని ఆనాటి నజ్ద్ చరిత్రకారుడు ఇబ్న్ బిష్ర్ రాసిపెట్టాడు.

పొరపాటు ఒకచోట జరిగింది. ఈజిప్టు నుంచి తిరిగొచ్చిన మేనల్లుడు మిషారీ బిన్ అబ్దుర్రహ్మాన్‌ను మన్ఫూహాకు అమీరు చేశాడు. అతను ఎదురుతిరిగితే క్షమించాడు. 1834 మే నెలలో ఆ మేనల్లుడి మనిషే పిస్తోలుతో ఆయన ప్రాణం తీశాడు. ఆ సంగతి విన్న మరుసటి శుక్రవారం మసీదు గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ చాలాసేపు నిలబడిపోయాను.

అయినా రాజ్యం కూలలేదు. తూర్పున సైన్యంతో ఉన్న కొడుకు ఫైసల్ వెనక్కి వచ్చి దాదాపు నలభై రోజుల్లో రియాద్‌ను దక్కించుకున్నాడు. ఆ వంశం తర్వాతా పడింది, లేచింది. 1902లో తుర్కీ మునిమనవడు అబ్దులజీజ్ కొద్దిమందితో రియాద్‌లోని మస్మక్ కోట పట్టుకున్నప్పుడు ఆయన వెతుక్కుంటూ వచ్చింది తుర్కీ ఎంచిన ఊరినే. సౌదీలో చమురు పడింది 1938లో. రాజ్యాన్ని చమురే నిలబెట్టిందనుకునేవాళ్లు ఈ సంవత్సరాలు ఒకసారి వరుసగా చూసుకోవాలి. కూలినదాన్ని లేపినప్పుడు అక్కడున్నది ఖర్జూరాలూ ఒంటెలే.

గల్ఫ్ అంటే మన ఊళ్లలో వీసా, ఏజెంటు, రియాల్ రేటు. మా తరం వయసంతా ఆ నేల మీద ధారపోసి, దాని కథ తెలియకుండానే తిరిగొచ్చింది. మనం చెమటోడ్చిన చోటు ఎవరిదో, ఎలా నిలబడిందో తెలుసుకోవడం మనకు మనం ఇచ్చుకునే గౌరవం. ఇప్పుడు రియాద్‌లో ఉన్న తమ్ముళ్లకు నాదొక్కటే మనవి. ఒక సెలవురోజు బతా నుంచి దీరా దాకా నడవండి. మస్మక్ తలుపులో ఇరుక్కుపోయిన ఈటె మొన చూడండి. వీలైతే దిరియా వెళ్లి తురైఫ్ పేట మట్టిగోడల మధ్య తిరగండి. పెద్ద మసీదు మీద తుర్కీ పేరు ఇంకా ఉంది. ఆయనెవరని అడగడానికి నాలాగా నాలుగేళ్లు ఆగకండి.