పట్టంచుకో న్యాయం, బండికో న్యాయమా?

గద్వాల చీర కొనేటప్పుడు మనం తీసే ఆరాలు ఇన్నీ అన్నీ కావు. అంచు ఏ రంగు, బుటా ఎక్కడ? నూలు చీరకు పట్టంచునూ కొంగునూ కలిపిన అతుకును వేలితో తడిమి మరీ చూస్తాం. దాన్ని "అభిరుచి" అంటాం. వనపర్తిలోనో నాగర్‌కర్నూల్లోనో ఓ కుర్రాడు పాత కారు కొని, తనకు నచ్చిన స్ప్రింగులూ టైర్లూ ఏరుకుంటూ కూర్చుంటే మాత్రం "పిచ్చి" అంటాం. ఇదెక్కడి న్యాయమమ్మా?

సైలెన్సరు ఊడబీకి వీధినంతా నిద్రలేపేవాణ్ణి నేను వెనకేసుకు రాను. వాడిది అభిరుచి కాదు, అల్లరి. ఇంజను జోరు పెంచేముందు బ్రేకుల సంగతి చూసేవాడే అసలు పనివాడు. జరీ ఎంత మెరిసినా అతుకు వదిలితే చీరేముంది?

చట్టానికి ఈ తేడా పట్టలేదు. తయారీదారు ఇచ్చిన కొలతలకూ వివరాలకూ భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడు సవరించిన చట్టంలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ! రోడ్డు అందరిదీ కనుక తనిఖీ ఉండాల్సిందే. కానీ తనిఖీ వేరు, తలుపు మూసెయ్యడం వేరు. పరీక్షించి, బాగుంటే ముద్ర వెయ్యండి, లేకపోతే ఆపండి. గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది చేతిపనిలోని ప్రత్యేకత వల్లే కదా?

ముందు మనింట్లో మొదలుపెడదాం. అబ్బాయే కానివ్వండి, అమ్మాయే కానివ్వండి, నూనె చేతులతో గడపలో నిలబడితే "ఎందుకీ పిచ్చి?" అనకండి. "బ్రేకులు చూశావా?" అని అడగండి.