క్యాన్ కలపని వాళ్లం

పలమనేరు వైపు పల్లెల్లో పాలకేంద్రం దగ్గర పొద్దున్నే నిలబడి చూడండి. శాంపిల్ తీసే మనిషి ముందు క్యాన్‌లోకి గరిట దించి పాలను పైకీ కిందికీ బాగా కలుపుతాడు, ఆ తర్వాతే సీసాలోకి పోస్తాడు. కలపకుండా పైపైన ముంచితే వెన్న శాతం ఎక్కువ పలుకుతుంది, అడుగున తీస్తే పాలు పోసినామె నష్టపోతుంది. అలా పాలు పోసే ఇళ్లల్లో పుట్టి, చిత్తూరు, తిరుపతి కాలేజీల్లో చదివి, బెంగళూరులో డేటా ఉద్యోగాలు చేసుకుంటున్న మాకు ఇది తెలియదని ఎలా అంటాం?

మా ఉద్యోగాల్లో, కోట్ల వరుసలున్న టేబుల్ మొత్తం చదివిస్తే క్వెరీకి నిమిషాలు పడుతుంది. పైవాళ్లకేమో క్లిక్ కొట్టగానే గ్రాఫ్ రావాలి. అందుకే ఒక శాతం శాంపిల్. మొత్తాలకూ సగటులకూ అది చక్కగా సరిపోతుంది, అందులో తప్పేం లేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో ఇందుకోసం 2016 నుంచీ టేబుల్‌శాంపిల్ ఉంది. అందులో బెర్నూలీ పద్ధతి ప్రతి వరుసనూ చూసి ఎంచుతుంది కాబట్టి నెమ్మది. సిస్టమ్ పద్ధతి డిస్కు మీది బ్లాకుల్ని గంపగుత్తగా ఎత్తుకొస్తుంది కాబట్టి వేగం. ఒక బ్లాకులో పక్కపక్కన ఉండేవి చాలావరకు ఒకేసారి చేరిన వరుసలు: అదే ఊరివి, అదే పూటవి. మేం ఏది వాడామో వేరే చెప్పాలా!

పాల లెక్కే తీసుకోండి. నెలంతా రెండు పూటలా పోసే ఇంటికి 60 వరుసలుంటాయి. వరుసల్ని నిజాయితీగా కలిపి ఒక శాతం తీసినా, ఆ ఇల్లు ఒక్కసారైనా కనబడే అవకాశం 45 శాతమే. ఆవు వట్టిపోయి ఐదు రోజులకే ఆపేసిన ఇంటికి 10 వరుసలు, దాని అవకాశం 10 శాతం లోపే. లీటర్లను వందతో హెచ్చిస్తే దాదాపు సరిగ్గా వస్తాయి. ఇళ్ల సంఖ్య హెచ్చించినా తప్పే, హెచ్చించకపోయినా తప్పే. ముందుగా జారిపోయేది కష్టంలో ఉన్న ఇల్లే. అయినా ఇలాంటి అంకెల్నే ‘యాక్టివ్ యూజర్లు’ అని పేరు పెట్టి పెద్ద అక్షరాల్లో చూపించాం. విడివిడి మనుషుల్ని లెక్కించడానికి 2007 నాటికే హైపర్‌లాగ్‌లాగ్ అనే పద్ధతి వచ్చిందని ఇంటర్వ్యూల్లో గడగడా అప్పజెప్పినవాళ్లమే!

2023లో సి.ఆర్. రావుగారికి స్టాటిస్టిక్స్ అంతర్జాతీయ బహుమతి వచ్చినప్పుడు, ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన మన తెలుగాయన అని స్టేటస్‌లు పెట్టుకున్నాం. పక్షపాతం లేని అంచనా ఎంత తెలివిగా వేసినా, దాని చెదురు ఇంతకు తగ్గదని హద్దు గీసిన 1945 నాటి పేపరు ఆయనది. మా అంకె పక్కన మాత్రం ‘ఇంత అటూ ఇటూ’ అన్న ముక్క ఎక్కడా లేదు. అది పెడితే అంకె అనుమానంగా కనబడుతుందన్నారు, అందరం తలూపాం. సత్యవేడు వాన వేరు, కుప్పం వాన వేరని తెలిసినవాళ్లం, మండలాల వారీగా విడదీసి శాంపిల్ తీద్దామని ఒక్క మీటింగులోనూ నోరెత్తలేదు. ఎత్తితే క్వెరీ మళ్లీ నెమ్మదిస్తుంది కదా.

ఆ గ్రాఫులు ఇప్పటికీ నడుస్తున్నాయి. వాటిలో ఏది ఎంత శాతం మీద నడుస్తోందో చెప్పే జాబితా మాలో ఎవరి దగ్గరా లేదు.