ఆమ్లజని, గంధకము – మన కర్తవ్యము

ఉన్నత తరగతుల రసాయనశాస్త్ర పుస్తకములందు ఆమ్లజని కుటుంబమును గూర్చిన పాఠ మొకటి కలదు. ఆమ్లజనినే నేటి పుస్తకములు ఆక్సిజన్ అని వ్రాయుచున్నవి. విద్యార్థులు పలువురు ఈ పాఠమును మార్కుల కొఱకైన పాఠముగా మాత్రమే యెంచి, మూలద్రవ్యముల ధర్మములను వరుసగా కంఠస్థము చేసి, పరీక్ష ముగిసిన మఱునాడే మఱచుచున్నారు. ఈ పాఠము అట్లు మఱువదగినది కాదని మా అభిప్రాయము. దీనిలోని విషయమును తెలియకపోవుటచేతను, తెలిసియు లెక్కసేయకపోవుటచేతను మన దేశమున మనుష్యులు ప్రాణములు కోల్పోవుచున్నారు. కావున దీనిని చదివినవారి మీద ఒక బాధ్యత నిలుచుచున్నది. ఆ బాధ్యత యెట్టిదో యీ వ్యాసమున విన్నవింతుము.

ఈ కుటుంబమున ఆమ్లజని, గంధకము, సెలీనియము, టెల్లూరియము, పొలోనియము అను అయిదు మూలద్రవ్యములు ప్రకృతియందు లభించును. ఆఱవదియగు లివర్‌మోరియము 2000 సంవత్సరమున రష్యాదేశమునందలి డుబ్నా ప్రయోగశాలలో కృత్రిమముగా సృష్టింపబడి, 2012లో ఆ పేరు పొందినది. అది పుట్టిన క్షణమాత్రములోనే నశించునది కావున దాని ప్రసక్తి ఇంతటితో చాలును. గంధకము ప్రాచీనులకు తెలిసినదే. మన వైద్యులు దానిని ఔషధములందు వాడిరి. సొదొమ గొమొఱ్ఱాల వృత్తాంతము నెఱిగినవారికి దాని పేరు క్రొత్త కాదు. ఆమ్లజనిని స్వీడనుదేశమున షీలే పండితుడును, 1774లో ఇంగ్లండున ప్రీస్ట్‌లీ పండితుడును వేర్వేరుగా కనుగొనిరి. టెల్లూరియము 1782లోను, సెలీనియము 1817లోను, పొలోనియము 1898లో క్యూరీ దంపతుల కృషివలనను బయల్పడినవి.

వీనిని ఒక కుటుంబమని యేల చెప్పవలెను? ఆమ్లజని కంటికి కనబడని వాయువు; గంధకము పసుపుపచ్చని ఘనపదార్థము. పైకి చూచిన చుట్టఱిక మేమియు తోపదు. అయినను పరమాణువు లోపలికి దృష్టి సారించినచో, వీని అన్నిటికిని వెలుపలి కక్ష్యయందు ఆఱే ఎలక్ట్రానులు కలవు. ఆ కక్ష్య నిండుటకు మఱి రెండు కావలెను. ఆ రెంటి కొఱకై ఇవి చేయు యత్నమే వీని స్వభావమునకు మూలము. ఆమ్లజని రెండు ఉదజని పరమాణువులతో కలిసిన నీరు ఏర్పడును. గంధకము రెండు ఉదజని పరమాణువులతో కలిసిన హైడ్రోజన్ సల్ఫైడు అను వాయువు ఏర్పడును. సూత్రములు వ్రాసి చూచిన రెండును ఒక్క అచ్చున పోసినట్లుండును. ఆమ్లజని యున్న చోట గంధకమును నిలిపితిమి, అంతియే.

కాని ఆ ఒక్క మార్పుతో ఎంత భేదము! నీరు 100 డిగ్రీల వేడిమి వద్దగాని మరుగదు. హైడ్రోజన్ సల్ఫైడు సున్నకు దిగువ 60 డిగ్రీల వద్దనే మరిగి వాయువగును. కారణము ఇది: ఆమ్లజని పరమాణువు చిన్నది, ఎలక్ట్రానులను గట్టిగా తనవైపునకు లాగుకొనునది. అందుచేత ఒక నీటి అణువు మఱియొక నీటి అణువును పట్టుకొని విడువదు. గంధకమున కంతటి పట్టు లేదు. నీటికి ఆ పట్టు లేకయుండినచో, కుటుంబములోని తక్కినవాని వరుసను బట్టి అది సున్నకు దిగువ సుమారు 80 డిగ్రీల వద్దనే వాయువై పోయెడిది. భూమిమీద చెఱువు గాని, సముద్రము గాని, మనము గాని ఉండియుండము. ఒకటి మనము త్రాగు జీవనము, రెండవది మన ప్రాణములు దీయు విషము; ఇవి రెండును తోబుట్టువుల సంతానమే.

ఈ చుట్టఱికము మఱియొక చోట మఱింత స్పష్టముగా కానవచ్చును. మనము అన్నము తిని, ఆమ్లజనిని పీల్చి, తుదకు దానిని శరీరములో నీటిగా మార్చుచున్నాము. గాలి చొరని మురుగునందు ఆమ్లజని యుండదు. అయినను అచ్చట కొన్ని సూక్ష్మజీవులు సుఖముగా బ్రదుకుచున్నవి. అవి ఆమ్లజనికి బదులుగా మురుగునీటియందలి సల్ఫేటు లవణములను, అనగా ఆమ్లజనితో కూడిన గంధకమును, వినియోగించుకొనును. మన శరీరమున ఆమ్లజని నీరగునట్లే, వాని యందు గంధకము హైడ్రోజన్ సల్ఫైడగును. కావున మూతవేసిన మురుగు కాలువలయందును, సెప్టిక్ ట్యాంకులయందును, పెంటనీరు నిలిచిన గోతులయందును ఈ వాయువు పుట్టుట ఒక వింత కాదు, ప్రమాదవశమున జరుగునది కాదు, ప్రకృతి నియమము. మూత తీసి మనుష్యుని లోనికి దింపువాడు తెలిసినను తెలియకున్నను ఈ నియమమునకే వానిని అప్పగించుచున్నాడు.

ఈ వాయువు గుణములను విద్యార్థులు శ్రద్ధతో గ్రహింతురుగాక. ఇది గాలికన్న కొంచెము బరువైనది. కావున గోతి యడుగున నిలుచును. మురిగిన గ్రుడ్డు వాసన కలది. పదిలక్షల భాగముల గాలిలో ఒక భాగమైనను లేకుండగనే ముక్కు దానిని పసిగట్టును. అది నూఱు భాగములకు చేరిన కొన్ని నిమిషములలోనే వాసన నెఱుగు శక్తి మొద్దుబారిపోవును. అప్పుడు లోనున్నవాడు వాసన పోయినది, అపాయము తప్పినదని తలచును. నిజమునకు అపాయము పెరిగినది. అది వేయి భాగములకు చేరినచో ఒకటి రెండు శ్వాసములతోనే మనుష్యుడు కూలును. మఱియు అడుగున పేరుకొనిన బురదలో ఈ వాయువు చిక్కుకొని యుండి, కఱ్ఱతో గాని పారతో గాని కదపినంతనే ఒక్కుమ్మడిగా వెలువడును. మూత తీసినప్పుడు వాసన లేదు గనుక దిగవచ్చునను మాట కావుననే నమ్మదగినది కాదు.

అది ప్రాణము దీయు విధమునందును కుటుంబ లక్షణమే కానవచ్చును. మన జీవకణములలో ఆమ్లజని వచ్చి చేరవలసిన ఎంజైము ఒకటి కలదు. అందు ఇనుము ఉన్నది. హైడ్రోజన్ సల్ఫైడు ఆ యినుమును పట్టుకొని ఆమ్లజనికి చోటీయదు. ఊపిరితిత్తులలో ఆమ్లజని యున్నను, రక్తములో ఆమ్లజని యున్నను, కణము దానిని వాడుకొనలేదు. గంధకము ఆమ్లజని పీఠము నాక్రమించి కూర్చున్నదని చెప్పిన తప్పులేదు.

పాడుబడిన నూతిలో దిగుటకు ముందు దీపమును దింపి చూచు ఆచారము మన పల్లెలలో కలదు. దీపము ఆరినచో లోన ఆమ్లజని తక్కువయని పెద్దలు గ్రహించిరి. ఆ జ్ఞానము గౌరవింపదగినదే. కాని మురుగు గోతియందు ఆ పరీక్ష చాలదు. గాలిలో వేయింట ఒక భాగము హైడ్రోజన్ సల్ఫైడు మనుష్యుని చంపును గాని దీపము నార్పదు. పైగా ఈ వాయువును, దానితో నుండు మీథేను వాయువును మండు స్వభావము కలవి. నిప్పు ప్రేలుడునకు కారణము కావచ్చును. కావున వాయువును కొలుచు యంత్రము ఒక్కటే నమ్మదగినది.

2015 నవంబరు నెలలో కాలికట్టు నగరమున జరిగిన సంగతిని ఇచ్చట స్మరింపవలసి యున్నది. మన ఆంధ్రదేశమునుండి కూలికై వెళ్లిన ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోలులో స్పృహ తప్పి పడిరి. ఆ దారిని పోవు ఆటో రిక్షా నడుపు యువకుడొకడు వారి కేకలు విని, వారెవరో యెఱుగకయే రక్షింపబోయి లోనికి దిగెను. ముగ్గురును మరణించిరి. ఇట్టి మరణములందు ఒకని వెంట మఱియొకడు దిగి పోవుట తఱచుగా వినుచున్నాము. తండ్రిని రక్షింప కొడుకును, అన్నను రక్షింప తమ్ముడును దిగుచున్నారు.

మా వంటి పాఠశాలలలో మంచి సమరయుని కథ చెప్పని సంవత్సరము లేదు. దారిని పడియున్నవానిని చూచి తొలగిపోరాదని పిల్లలకు నేర్పుచున్నాము. అట్లయిన ఆ యువకుడు చేసినది తప్పా? కాదు, అతని ప్రేమను తూచుటకు మాకు త్రాసు లేదు. కాని అతనికి ఈ పాఠము నెవ్వరును చెప్పలేదేమో యని మాకు విచారము. ప్రేమ కలవానికి జ్ఞానము నీయకపోవుట పాఠశాలల లోపము, సంఘము లోపము. గోతిలో పడినవాని వెంట దిగక, ఇతరులను దిగనీయక, వెంటనే 112కు గాని 101కి గాని తెలియజేసి, గాలి పరికరములు ధరించిన అగ్నిమాపక దళమువారిని పిలుచుట పిరికితనము కాదు. అదియే అక్కడ చేయదగిన పొరుగుసేవ. ఈ మాటను మా విద్యార్థులందఱు హృదయమున నిలుపుకొనవలెనని కోరుచున్నాము.

అసలు మనుష్యుడు అందు దిగవలసిన యవసరమే లేదు. 2013లో మన పార్లమెంటు చేసిన చట్టము, తగిన రక్షణ సాధనములు లేక మనుష్యునిచే మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను శుభ్రము చేయించుటను నిషేధించినది. మొదటి తప్పునకే రెండేండ్ల వరకు ఖైదు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. సుప్రీము కోర్టువారు 2014లో మృతుల కుటుంబములకు పది లక్షల రూపాయలు ఇయ్యవలెననియు, 2023లో ఆ మొత్తము ముప్పది లక్షలు కావలెననియు తీర్పు చెప్పిరి. కోలారు బంగారు గనుల ప్రాంతమున తెలుగు కుటుంబమందు జన్మించిన బెజవాడ విల్సన్ గారు ఈ వృత్తి నిర్మూలనకై చేసిన దీర్ఘకృషికి 2016లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది. 2017లో హైదరాబాదు జలమండలివారు ఇఱుకు సందులలో సైతము పోగల చిన్న యంత్రములను ప్రవేశపెట్టిరి. చట్టము కలదు, యంత్రము కలదు, శాస్త్రము కలదు. లేనిదెల్ల మన పట్టుదలయే.

దీనికి కొందఱు ఆక్షేపణలు చెప్పవచ్చును. పిల్లల నేల భయపెట్టవలెను, ఇట్టి మలినవిషయములు పాఠశాలలో నేల యని కొందఱందురు. మలినము మన యిండ్లనుండియే పోవుచున్నది. దానిని గూర్చి మాటాడుటకు సిగ్గుపడి, దానిలోనికి మఱియొకని బిడ్డను దింపుటకు సిగ్గుపడకపోవుట న్యాయము కాదు. కూలి యిచ్చుచున్నాము, వాడు ఒప్పుకొనియే దిగుచున్నాడని మఱికొందఱందురు. పూట గడువనివాని యొప్పుదలను ఒప్పుదల యనుట మాకు సమ్మతము కాదు. తరతరములుగా ఈ పని కొన్ని కులముల వారి నెత్తినే పడుచున్నదనుట అందఱెఱిగిన సత్యము. గంధకము కులమును చూడదు; దిగువానిని ఏర్పఱచునది మనమే.

గంధకమును నిందించుట మా యుద్దేశము కాదు. అది మన శరీరమందలి మాంసకృత్తులలో నున్నది. ఉల్లి, వెల్లుల్లి ఘాటు దానిదే. గంధకికామ్లము లేక నేడు మన పొలములకు వేయు భాస్వరపు ఎరువులలో పెక్కు తయారు కావు. ఆమ్లజనియైనను అన్నిచోట్ల మిత్రము కాదు: మూడు పరమాణువులు కూడి ఓజోను అయినప్పుడు మీది ఆకాశమున మనలను సూర్యుని తీక్ష్ణకిరణములనుండి కాపాడును, నేలపై ఊపిరితిత్తులకు హాని చేయును. సెలీనియము లేశమాత్రము శరీరమునకు అవసరము, మించిన విషము. స్థానమును, పరిమాణమును తెలిసికొనుటయే ఈ కుటుంబమును తెలిసికొనుట. ధర్మముల పట్టికను వల్లించినవాడు దీనిని తెలిసికొన్నట్లు కాదు.

కావున మేము కోరునది స్వల్పము. ఉపాధ్యాయులు ఈ పాఠమును చెప్పునపుడు, తగు జాగ్రత్తతో, గాలి యాడుచోట, ఈ వాయువును లేశమాత్రము పుట్టించి, లెడ్ అసిటేటు పూసిన తెల్లకాగితము నల్లబడుటను విద్యార్థులకు చూపుదురుగాక. ఆ నలుపు ఎచ్చట మనుష్యుని ప్రాణమునకు సంబంధించునో కూడ చెప్పుదురుగాక. తల్లిదండ్రులు తమ యింటి ట్యాంకును యంత్రముచేతనే తోడింపవలెను. ఎంత తక్కువ కూలికి వచ్చినను మనుష్యుని దింపరాదు. విద్యార్థులు ఈ మాటను తమ యింటను, తమ వీధిలోను పెద్దలకు వినయముగా చెప్పవలెను. మూత తీసిన గోతి ప్రక్క మోకు కట్టుకొని నిలిచిన మనుష్యుని చూచినపుడు, దిగవలదని చెప్పగల విద్యార్థి ఒక్కడున్నను, ఆ యేడు ఈ పాఠము సార్థకమైనట్లే యని మేము తలంతుము.