నడుము నొప్పికి కులం కాలమ్ లేదు

డాక్టర్లు రాసిన పేపర్లు డాక్టర్లే చదవాలని ఎవరన్నారు? మన నడుముల గురించి రాసినవాటిని ముందు మనం చదవాలి. ఈసారి డాక్టర్ డి. రాజారెడ్డి పరిశోధన గురించి మాట్లాడుకుందాం. ఆయన హైదరాబాద్ న్యూరోసర్జన్, నిమ్స్ డైరెక్టర్‌గా పనిచేశారు. ఫ్లోరైడ్ నీళ్లు వెన్నెముకను ఏం చేస్తాయో దశాబ్దాల పాటు రాశారు. 2009లో ‘న్యూరాలజీ ఇండియా’లో కూడా దీనిమీదే ఆయన వ్యాసం వచ్చింది.

ఆయన చెప్పేది ఇది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే ఎముకలు మందమవుతాయి, వాటి అంచులు ముళ్లలా పెరుగుతాయి, లిగమెంట్లు కూడా ఎముకల్లా గట్టిపడతాయి. వెన్నుపాము పోయే దారి ఇరుకవుతుంది. నరాలు నలిగి కాళ్లు బిగుసుకుపోతాయి. మెడ దగ్గర నలిగితే చేతులు కూడా పడిపోతాయి. ఆపరేషన్‌తో కొందరికి ఒత్తిడి తగ్గించవచ్చు. అసలు మందు మాత్రం మంచి నీళ్లే.

మన దేశంలో ఈ జబ్బు గురించి మొదటి వైద్య నివేదిక 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచే వచ్చింది. అవి అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలు. 1955లో సిద్ధిఖీ నల్గొండ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఇన్నేళ్లయినా పల్లెల్లో దీన్ని కీళ్లవాతం అనే అంటారు. మొదట్లో నొప్పులు అలాగే ఉంటాయి కాబట్టి డాక్టర్లు కూడా పొరబడతారు.

ఇక మనం అడగాల్సిన ప్రశ్న. ఒకే బోరు నీళ్లు తాగిన ఇద్దరిలో ఒకరు ముందు ఎందుకు వంగిపోతారు? జవాబు పరిశోధనల్లోనే ఉంది. ఎండలో పనిచేసేవాళ్లు ఎక్కువ నీళ్లు తాగుతారు, అంటే ఎక్కువ ఫ్లోరైడ్ తాగుతారు. బరువు పని జబ్బును ముదరబెడుతుందని వైద్యులు రాశారు. వరి తినేవాళ్ల కంటే జొన్న తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందని 1977లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు చూపించారు. పాలూ కాల్షియం అందని పిల్లలకు ముప్పు మరీ ఎక్కువ.

ఎండలో ఎవరుంటారు? బరువు ఎవరు మోస్తారు? పాలు ఎవరింటికి చేరవు? ఊరికీ వాడకూ మధ్య ఎంత దూరమో తెలిసినవాళ్లకు ఈ జవాబులు చెప్పాల్సిన పనిలేదు. పట్టికల్లో వయసుంటుంది, ఆడా మగా ఉంటుంది, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. కులం మాత్రం ఉండదు. ఇది ఒక డాక్టర్‌ను తప్పుపట్టే మాట కాదు. ఆయన తన దగ్గరికి వచ్చిన వెన్నెముకను చూశారు. ఆ వెన్నెముక ఏ వీధి నుంచి వచ్చిందో అడగడం మన పని.

నీళ్లు మనకెప్పుడూ ఒట్టి నీళ్లు కాలేదు. 1927లో అంబేడ్కర్ మహాడ్ చెరువు నీళ్లు తాగడమే ఒక ఉద్యమం. 1985లో కారంచేడు దాడికి ముందు గొడవ మొదలైంది కూడా మాదిగల తాగునీటి చెరువు దగ్గరే. ముట్టుకునే హక్కు కోసం కొట్లాడాం. ఆ నీళ్లలో ఏముందో తెలుసుకునే హక్కు కూడా ఆ కొట్లాటలో భాగమే.

మద్దికెర, ఆదోని, ఎమ్మిగనూరు వైపు మనది జొన్నరొట్టె తినే నేల. పంట పోతే సుగ్గికి గుంటూరు దాకా పోయి మిరపకాయలు కోసే నేల. నలభై దాటకముందే నడుం పట్టుకునేవాళ్లు ప్రతి వాడలో ఉన్నారు. అందరిదీ ఫ్లోరైడ్ జబ్బు అనడం లేదు. వంగి చేసే కూలిపనే చాలామంది నడుము విరుస్తుంది. ఏది ఏదో తేలాలంటే పరీక్షలు జరగాలి. పరీక్ష చేయకుండా నొప్పి గోలీ ఇచ్చి పంపడమే అసలు అన్యాయం.

విద్యార్థి మిత్రులారా, మీ వాడ బోరు నీళ్లను ఊరి నీళ్లతో కలపకుండా విడిగా పరీక్ష చేయించమని పంచాయతీకి అర్జీ పెట్టండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ కాగితం పట్టుకుని మంచి నీళ్లు అడగండి. నడుం, మెడ బిగుసుకుపోయినవాళ్లకు ముంజేతి ఎక్స్‌రే కూడా తీయమని డాక్టర్‌ను అడగండి. రెండు ఎముకల మధ్య పొర గట్టిపడిందేమో అందులో కనపడుతుంది. వచ్చిన అంకెలను వీధుల వారీగా రాసిపెట్టండి. ఆ పట్టికలో లేని కాలమ్‌ను మనమే గీయాలి.