గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

పాత కార్ల లోకంలో "ట్రాన్స్‌మిషన్ పోయిందండీ" అనే మాట ఒకటుంది. చెప్పేవాడికి అర నిమిషం పని. వినేవాడికి ఏడాదిపాటు కూడబెట్టింది హాంఫట్. నా వాదన ఒక్కటే: గేజి పెట్టి ప్రెషర్ కొలవకుండా ఆ మాట అనే హక్కు ఏ మెకానిక్కుకీ లేదు. అన్నా, విని తలూపాల్సిన ఖర్మ మనకి లేదు.

నేను వారమంతా కోడు రాసి, వారాంతంలో కారు కింద దూరే బాపతు. అమెరికాలో ఉంటూ, 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఒకటి పెట్టుకున్నాను. అందులో సీ4 అనే మూడు గేర్ల ఆటోమేటిక్ ఉంది. ఫోర్డ్ 1964 మోడళ్ళతో మొదలుపెట్టి 1980ల మొదట్లో ఆపేసిన గేర్‌బాక్సు ఇది. "ఎందుకన్నా ఈ తలనొప్పి, శుభ్రంగా కామ్రీ కొనుక్కోక!" అని ఆఫీసులో తమ్ముళ్ళు ఎప్పుడూ అంటూనే ఉంటారు. అననివ్వండి.

ఆటోమేటిక్ గేర్‌బాక్సు అంటే జనానికి అదేదో బ్రహ్మపదార్థం. నిజానికి 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ పెట్టింది. కంప్యూటర్లు ఇళ్ళలోకి రావడానికి ఎన్నో ఏళ్ళ ముందే, కరెంటుతో పనిలేకుండా నూనెతో నడిచే లాజిక్ అది. సీ4 లోపలా అదే సంగతి. బండి వేగాన్ని బట్టి గవర్నర్ ఒక ప్రెషర్ పంపిస్తుంది. ఇంజను మీద ఎంత బరువు పడుతోందన్నదాన్ని బట్టి ఇంకో ప్రెషర్ వస్తుంది. వాల్వ్ ఒకపక్కన ఇది, ఇంకోపక్కన అదీ, దానికి తోడు ఒక స్ప్రింగూ. గవర్నర్ గెలిస్తే పై గేరు పడుతుంది. గెలవకపోతే పడదు. మన భాషలో చెప్పాలంటే ఒక ఇఫ్, ఒక ఎల్స్. అంతే!

మరి ఇంజను బరువు సంగతి దానికెలా తెలుస్తుంది? ఇంజను పీల్చే వాక్యూమ్ ద్వారా. ఒక సన్నటి గొట్టం ఇంజను నుంచి గేర్‌బాక్సు వెనకున్న మాడ్యులేటర్ అనే చిన్న డబ్బాకి వెళ్తుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వాక్యూమ్ పడిపోతుంది, "ఓహో, బరువెక్కువగా ఉంది" అని గేరు ఆలస్యంగా, గట్టిగా వేస్తుంది. ఆ గొట్టానికి చిల్లు పడితే? మీరు పాదం ఆనించినా సరే, బండి కొండెక్కుతోందనే అనుకుంటుంది పాపం.

నా బండికి జరిగింది సరిగ్గా ఇదే. నలభై అయిదు మైళ్ళు దాటితేగాని మూడో గేరు పడేది కాదు, పడ్డప్పుడు వెనకనుంచి ఎవరో తన్నినట్టుండేది. ట్రాన్స్‌మిషన్ పనిలో పేరున్న ఒక షాపుకి తీసుకెళ్తే, ఆయన వీధి చుట్టూ ఒక రౌండు కొట్టొచ్చి, "లోపల క్లచ్‌లు అయిపోయాయి, మొత్తం విప్పాలి, రెండువేల ఆరొందల డాలర్లు" అన్నాడు. డిప్‌స్టిక్ తీయలేదు. గేజి పెట్టలేదు. బండిని పైకెత్తనైనా ఎత్తలేదు. ఇంటికొచ్చి కింద దూరి చూస్తే, ఆ స్టీలు గొట్టం చివర ఉండే రబ్బరు ముక్క ఎండిపోయి నోరు తెరిచి ఉంది. కొత్త ముక్క రెండు డాలర్లు. లెక్క మీరే వేసుకోండి.

"ఏదో నీ అదృష్టం" అంటారా? కాదండీ. ఇది అదృష్టం కాదు, వరస. చవకైనవి, విప్పక్కర్లేనివి ముందు చూడాలి. ఖరీదైనవి చివర. మొదట ఆయిల్. ఇంజను బాగా వేడెక్కాక, చదునైన చోట, ఐడిల్‌లో ఉంచి చూడాలి. ఫోర్డ్ సీ4కి పార్క్‌లో చూస్తారు, పాత క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్‌కి న్యూట్రల్‌లో చూడాలి. ఈ చిన్న తేడా తెలియక తప్పు రీడింగు చూసి ఆయిల్ పోసేవాళ్ళున్నారు. ఆయిల్ తక్కువైతే పంపు గాలి పీల్చి నురగ వస్తుంది. ఎక్కువైతే తిరిగే భాగాలు చిలికి నురగ చేస్తాయి. రెండింటికీ గేర్లు జారతాయి. రెండోది ఆ వాక్యూమ్ గొట్టం. మాడ్యులేటర్ దగ్గర దాన్ని ఊడదీస్తే లోపల ఎర్రటి ఆయిల్ కనిపించిందా? డయాఫ్రమ్ చిరిగినట్టే. ఇంజను గేర్‌బాక్సు ఆయిల్‌ని తాగేస్తోంది. కింద చుక్క కారదు, వెనక తెల్ల పొగ మాత్రం వస్తుంది. మూడోది యాక్సిలరేటర్‌కి తగిలించిన కిక్‌డౌన్ లింకేజి. నాలుగోది బ్యాండ్ల సర్దుబాటు. సీ4లో రెండు బ్యాండ్లనీ బయటనుంచే బిగించొచ్చు. ఆ తర్వాత ప్రెషర్ గేజి, మాన్యువల్లో ఉన్న పట్టికతో పోల్చి చూడ్డం.

ఇవన్నీ కాకపోయినా, ఏ గేరు పనిచేస్తోంది, ఏది చెయ్యట్లేదు అన్నదాంట్లోనే సగం జవాబుంది. సీ4లో ఫార్వర్డ్ క్లచ్ మూడు ముందు గేర్లలోనూ పనిచేస్తుంది. రెండో గేరుకి ఇంటర్మీడియట్ బ్యాండ్ తోడవుతుంది. రివర్స్-హై క్లచ్ మూడోదానికీ రివర్సుకీ ఉమ్మడి. లో-రివర్స్ బ్యాండ్ రివర్సులోనూ, చేత్తో లో పెట్టినప్పుడూ పట్టుకుంటుంది. ఇప్పుడు చెప్పండి: మూడో గేరు దివ్యంగా ఉంది, రివర్స్ మాత్రం పడట్లేదు. ఉమ్మడి క్లచ్ మీద అనుమానం పోయినట్టే కదా? ముందు చూడాల్సింది లో-రివర్స్ బ్యాండ్‌ని. రెండో గేరొక్కటే జారుతోందా? ఇంటర్మీడియట్ బ్యాండ్. దాని స్క్రూని పది ఫుట్-పౌండ్లకి బిగించి, ఒకటీ ముప్పావు చుట్టు వెనక్కి తిప్పి, కొత్త లాక్‌నట్ వెయ్యాలి. ఇంజనీరింగ్ మొదటేడు ట్రూత్ టేబుల్ వేసిన ప్రతివాడూ చెయ్యగలిగిన పని ఇది.

ఇంకో తమాషా. 1964 నుంచి 66 దాకా వచ్చిన సీ4లకి డ్రైవ్ బదులు రెండు చుక్కలుంటాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్న చుక్కలో పెడితే బండి రెండో గేరులోనే బయల్దేరుతుంది. అది జారుడు రోడ్ల కోసం కావాలని పెట్టిన ఏర్పాటు. ఈ సంగతి తెలియకపోతే "ఫస్ట్ గేరు పోయింది" అనిపిస్తుంది. లేని రోగానికి ఆపరేషన్ అన్నమాట!

మెకానిక్కుల వైపు నుంచీ మాట్లాడదాం. గంటసేపు వెతికితే ఆ గంటకి డబ్బులిచ్చేవాడు లేడు. రబ్బరు ముక్క మార్చి పంపిస్తే, వారం తర్వాత వేరే ఏదో పోతే "నువ్వే పాడుచేశావ్" అని కొట్లాటకొస్తారు. మొత్తం విప్పేస్తే గ్యారంటీ ఇవ్వడం తేలిక. ఇదంతా నిజమే. అసలు దోషం సగం మనదే. చెకింగ్‌కి నూట యాభై అడిగితే "ఊరికే చూడ్డానికి అంతా?" అని బేరమాడతాం, రెండువేల ఆరొందలకి మాత్రం మారు మాట్లాడకుండా సంతకం పెడతాం. మనం కొలతకి డబ్బివ్వమని తెలిసినప్పుడు వాళ్ళు కొలవడం మానేశారు. ఇందులో వింతేముంది?

అలాగని విప్పడమే పాపం అనట్లేదు. ఆయిల్ నల్లబడి మాడు వాసనేస్తే, పాన్‌లో లోహపు ముక్కలు తేలితే, విప్పాల్సిందే. అప్పుడు ఏ గొట్టం మార్చినా లాభం లేదు. కానీ ఆ మాట చెప్పాల్సింది పాను, గేజి. వీధి చుట్టూ కొట్టిన రౌండు కాదు.

డబ్బొక్కటే అయితే ఇంత ఆయాసపడను. ఎక్స్‌చేంజ్ పేరుతో బాగున్న పెట్టెని పట్టుకుపోయి ఇంకెవరిదో బిగిస్తారు, బండితో పాటు పుట్టింది పోతుంది. అంత పెట్టలేనివాడు బండినే తుక్కుకి అమ్మేస్తాడు. రబ్బరు ముక్క కోసం! పైగా విప్పడమొక్కటే నేర్చుకున్న కుర్రాడికి వెతకడం ఎప్పటికీ రాదు. ఈ గేర్‌బాక్సుల నాడి తెలిసిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే పని మానేస్తున్నారు. వాళ్ళతో పాటే ఈ విద్యా పోతుంది.

కాబట్టి ఈసారి ఎవరైనా "ట్రాన్స్‌మిషన్ పోయింది" అంటే మూడే ప్రశ్నలడగండి. ఆయిల్ ఎలా ఉంది? వాక్యూమ్ ఎంతుంది? ప్రెషర్ ఎంతొచ్చింది? మూడూ కాగితం మీద రాసివ్వమనండి, ఆ పనికి అడిగినంతా ఇవ్వండి. రాసివ్వనంటే తాళాలు తీసుకుని వచ్చెయ్యండి.