వెయిటింగ్ లిస్టు మన తలరాత కాదు

భూమి తగాదా వచ్చినా, పిల్లగాడిని స్టేషన్‌కు తీసుకుపోయినా మన తండా పెద్దమనిషి మొదట అడిగే మాట ఒకటే: "మనోడు వకీలు ఎవరన్న ఉన్నడా?" సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో కోర్టు ముందు చెట్ల కింద వాయిదా కోసం కూర్చున్న మనవాళ్లు ఎందరో కనిపిస్తారు. లోపల నల్లకోటుతో నిలబడ్డ మనవాళ్లు ఎందరు? ఈ ప్రశ్న మమ్మల్ని వదలడం లేదు.

మనది మైదాన ప్రాంతం. షెడ్యూల్డ్ ప్రాంతాల భూమిని కాపాడే 1/70 చట్టం ఇక్కడ వర్తించదు. మనకు మిగిలింది 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం, 1989 నాటి అట్రాసిటీ చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం. ఇవి కాగితం మీద ఉంటే చాలవు. వాటిని పట్టుకుని కోర్టులో మాట్లాడే నోరు కావాలి. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 2015లో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. మఠంపల్లి మండలం గుర్రంబోడు తండా భూముల గొడవ 2021లో రాష్ట్రమంతా వినబడింది. ఇలాంటి ప్రతిచోటా మన కాగితాన్ని ఇంకొకరు చదివి మనకు చెప్పాల్సిందేనా?

"మీకేంది, రిజర్వేషన్ ఉంది, ఊరికే సీటొస్తది" అనేవాళ్లు స్టాఫ్ రూముల్లోనే ఉన్నారు. నిజమే, 2022లో రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. లాసెట్‌లో ఎస్సీ, ఎస్టీలకు కనీస అర్హత మార్కుల షరతు లేదు. ఇంటర్ తర్వాత అయిదేళ్ల కోర్సుకైనా, డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సుకైనా మన పిల్లలకు 40 శాతం మార్కులుంటే చాలు. మరి సీటు దాకా పోతున్నవాళ్లు ఇంత తక్కువ ఎందుకు? రిజర్వేషన్ తలుపు తెరుస్తుంది. తలుపు దాకా తోవ ఎవరు వేయాలి?

మా బడిలో చదివిన ఒక అమ్మాయి సంగతి చెబుతాం. ఇంటర్ అయ్యాక లాసెట్ రాసింది. ర్యాంకు వచ్చింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాయన వెంట మిరప కూలికి పోయింది. అందుకని దరఖాస్తులో నెట్ సెంటర్ అతని నంబరే పెట్టింది. వెబ్ ఆప్షన్లలో రెండే కాలేజీలు రాయించింది. మొదటి విడతలో సీటు రాలేదు. రెండో విడతలో వచ్చింది. మెసేజ్ మాత్రం ఆ ఫోనులోనే ఉండిపోయింది. ఆమె వచ్చి అడిగేసరికి ఫీజు కట్టి రిపోర్టు చేసే గడువు దాటింది. అప్పుడు మేం దసరా సెలవుల్లో ఉన్నాం. ఆమె మార్కులు తగ్గలేదు, బుద్ధి తగ్గలేదు. తగ్గింది మా పూచీ. ఆ సీటు ఖాళీగా కూర్చోదు. మనవాళ్లు లేరంటూ చివరికి చేతులు మారుతుంది.

ఇక జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల సంగతి. శామీర్‌పేటలోని నల్సార్ మనకు దూరం కాదు. కానీ దాని తలుపు క్లాట్ పరీక్ష. ఆ పరీక్ష ఇంగ్లీషులోనే ఉంటుంది. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత. ఎస్టీలకు కూడా దరఖాస్తు ఫీజు 3,500 రూపాయలు. ఈ మధ్య ఏళ్లలో కౌన్సెలింగ్‌కు 20 వేలు ముందే కట్టమంటున్నారు. పత్తి ఏరే తల్లికి అది ఎన్ని దినాల కూలి? కేంద్రం టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఇస్తుందంటారు. అది సీటులో చేరినవాళ్లకు. చేరడానికి ముందు కట్టే డబ్బు ఎవరిస్తారు? చట్టాన్ని అర్థం చేసుకునే తెలివిని ఇంగ్లీషు పేరాలు చదివే వేగంతో కొలిస్తే, కోర్టులో మన తల్లుల గోర్‌బోలి, ఎరుకల మాట ఎవరికి అర్థమవుతుంది?

ఈ అన్యాయం మీద కొట్లాడుదాం. కొట్లాడుతూనే ఉన్న సీటును పట్టుకుందాం. లాసెట్ పేపరు తెలుగులోనూ ఉంటుంది. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పుకు కోత లేదు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. అందులో 60 ప్రశ్నలు న్యాయ అవగాహన మీద, 30 వర్తమాన వ్యవహారాల మీద, 30 జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ మీద ఉంటాయి. వేల రూపాయల కోచింగ్‌కు పోకముందే మన 8, 9, 10 తరగతుల సాంఘికశాస్త్రంలో రాజ్యాంగ పాఠాలు మళ్లీ తీయండి. పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని రాయండి. రోజూ పేపరు చదవండి.

సీటు రాకపోతే ఇంట్లో కూర్చుని ఎదురుచూడటం వెయిటింగ్ కాదు. సొంతవాళ్ల నంబరే ఇవ్వండి. వెళ్లగలిగిన కాలేజీలన్నీ ఇష్టం ప్రకారం వరుసగా ఆప్షన్లలో పెట్టండి. కులం, ఆదాయం, స్టడీ సర్టిఫికెట్లు ఎండాకాలంలోనే తీసి పెట్టుకోండి. రెండో విడత, ఆపై విడతల తేదీలు గోడ మీద రాసుకోండి. క్లాట్‌లో సీటు వస్తే ఫ్రీజ్ అంటే అదే చాలని, ఫ్లోట్ అంటే ఇది ఉంచుకుని పైదాని కోసం చూస్తామని. ఏదీ చెప్పకుండా, డబ్బు కట్టకుండా గడువు దాటితే ఉన్నదీ పోతుంది. "మేనేజ్‌మెంట్ కోటాలో చేరు, తర్వాత చూద్దాం" అనే దళారీని నమ్మొద్దు. ఆ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. "మనకు టీచరు ట్రైనింగే నయం" అని మా పెద్దలు మాకు చెప్పారు. మేం ఆ తోవనే వచ్చాం, తప్పేం లేదు. కానీ అదే మాట మన పిల్లలకు చెప్పడం తప్పు. కాకతీయలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ నడివయసులో నల్లకోటు వేసుకుని ఆదివాసుల భూమి కోసం హైకోర్టులో నిలబడ్డాడు. మన బడి నుంచి ఏడాదికి ఒక్కరిని ఆ కోర్టు దాకా పంపలేమా? ప్రతి బడిలో ఒక్క ఉపాధ్యాయుడు కౌన్సెలింగ్ ముగిసేదాకా పిల్లల ఫోను ఎత్తితే చాలు. గిరిజన సంక్షేమ శాఖను ఇంకో మాట అడుగుదాం: క్లాట్ దరఖాస్తు డబ్బు, కౌన్సెలింగ్ డబ్బు ముందే ఇవ్వాలి, ప్రతి డివిజన్ కేంద్రంలో ఉచిత సహాయ కేంద్రం పెట్టాలి.

ఆ అమ్మాయి మరుసటి ఏడు మళ్లీ రాసింది. ఈసారి దరఖాస్తులో మా నంబరు ఉంది. ఇప్పుడు లా చదువుతోంది. వచ్చే ఏడు మీ నంబరు ఎవరి దరఖాస్తులో ఉంటుంది?