చెవిలో పాట స్పష్టంగా వినిపించాలంటే...

చీర కొనేటప్పుడు కొట్టు గుమ్మం దాకా తీసుకెళ్ళి పగటి వెలుతురులో రంగు చూస్తాం. బియ్యం కొంటే నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి చూస్తాం. ఇయర్‌ఫోన్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం డబ్బా మీద బొమ్మ చూసి, కొట్టతను "బేస్ అదిరిపోతుందమ్మా" అంటే సరేననేస్తాం. అదిరిపోయేది మన చెవి అని తర్వాత గానీ తెలియదు!

ఇవాళ వీటితో పనిలేని వాళ్ళు ఇంట్లో ఎవరున్నారు చెప్పండి? పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు, శ్రీవారికి ఆఫీసు మీటింగులు, అత్తగారికి ప్రవచనాలు, మనకు వంట చేసుకుంటూ పాటలు. తలమీదుగా పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్స్ ఆడవాళ్ళకు అంతగా కుదరవు. ముడి వేసుకుంటే పట్టీ నిలవదు, పూలు నలుగుతాయి, దుద్దు వెనక శీల గుచ్చుకుంటుంది. చెవి రంధ్రంలో కూర్చునే చిన్నవాటితో ఆ బాధ లేదు. అందుకే ఈ వారం వాటి సంగతే మాట్లాడుకుందాం.

ముందు, సమంగా పలకడం అంటే ఏమిటో చూడండి. పులుసులో ఉప్పు, పులుపు, కారం దేనికది తెలుస్తూనే కలిసిపోవాలి కదా. ఇంగువ గుప్పిస్తే ఇక అది వంకాయో ములక్కాడో తెలియదు. ఇక్కడా అంతే. బేస్ ఎక్కువైతే పాడేవాళ్ళ గొంతు కుండలోంచి వచ్చినట్టుంటుంది. సన్నటి శబ్దాలు, అంటే ట్రెబుల్ ఎక్కువైతే మరీ మోసం. మొదటి పది నిమిషాలూ "అబ్బ, ఎంత స్పష్టంగా ఉందో!" అనిపిస్తుంది. అరగంటయ్యేసరికి చెవులు అలిసిపోయి తీసి పక్కన పెట్టేస్తాం.

డబ్బా మీద రాతలు చూసి హడలిపోకండి. 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని దాదాపు అన్నిటి మీదా ఉంటుంది. మనిషి చెవికి వినిపించే హద్దులే అవి. ఆ మధ్యలో దేన్ని ఎంత పలికిస్తుందో ఆ అంకె చెప్పదు. లోపలి డ్రైవరు 10 మిల్లీమీటర్లా 13 మిల్లీమీటర్లా అన్నదీ అంతే, గిన్నె పెద్దదైనంత మాత్రాన కూరకు రుచి రాదు. ఇంకో మాట కూడా కనిపిస్తుంది, "బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్" అని. సౌండు బ్యాలెన్సుగా ఉంటుందని హామీ ఇస్తున్నారనుకునేరు, కాదు. అది లోపల శబ్దం పుట్టించే ఒక రకం భాగం పేరు. చెవిటి మిషన్లలో వాడే భాగమే అది. అమెరికాలో ఎటిమోటిక్ రీసెర్చ్ వారు 1991లో తెచ్చిన ఈఆర్-4 లో ఇదే వాడారు. చెవి లోపలికంటా పెట్టుకునే ఇయర్‌ఫోన్స్‌కు దారి చూపించిన వాటిల్లో అదొకటి. ఆ భాగం ఉన్నవి బాగానూ ఉండొచ్చు, నాసిగానూ ఉండొచ్చు. మామూలు డైనమిక్ డ్రైవరుతో చక్కగా పలికేవీ ఉన్నాయి.

మరి ఎలా తెలుసుకోవాలంటే, మనకు కంఠతా వచ్చినవి పెట్టి వినడమే. నేనైతే మొదట ఘంటసాల గారి భగవద్గీత పెడతాను. అందులో శ్లోకం పాడటమూ ఉంది, తాత్పర్యం మాటల్లో చెప్పడమూ ఉంది. గొంతు నిండుగా, మనిషి ఎదురుగా కూర్చుని చెప్పినట్టు రావాలి. స, శ, ష అక్షరాలు ఈలవేసినట్టు గుచ్చుకోకూడదు. గొంతు సరిగ్గా నుదుటి మధ్యలో ఉన్నట్టు తోచాలి. ఒక పక్కకు లాగుతుంటే ఒక చెవిది సరిగ్గా కూర్చోలేదన్నా అనుకోవాలి, లేదా ఆ ముక్క నీరసంగా పలుకుతోందనైనా అనుకోవాలి. పాత రికార్డు కనుక వెనకాల సన్నటి హోరు ఉంటే దానికి ఇయర్‌ఫోన్‌ను తిట్టకండి.

తర్వాత ఏదైనా కర్ణాటక సంగీత కచేరీ పెట్టండి. మృదంగం ఎడమవైపు మోతా, కుడివైపు పలుకూ వేరువేరుగా తెలియాలి. ఘటం వాయిస్తే మట్టి మీద వేళ్ళు పడ్డట్టే ఉండాలి. అన్నిటి అడుగునా తంబురా శ్రుతి ఆగకుండా వినిపిస్తోందా చూడండి. చాలావాటిలో మాయమయ్యేది అదే. పరీక్షించే ముందు ఫోనులో బేస్ బూస్ట్ లాంటివి ఉంటే ఆపేయండి. రెండు రకాలు పోల్చేటప్పుడు రెండింటి సౌండూ ఒకే స్థాయిలో పెట్టండి. గట్టిగా వినిపించేదే మంచిదని చెవి పొరబడుతుంది, కొట్లవాళ్ళకు ఈ కిటుకు బాగా తెలుసు! చివరగా సౌండు బాగా తగ్గించి వినండి. తగ్గించినా ప్రతి మాటా అర్థమైతే ఆ ఇయర్‌ఫోన్ మంచిదే.

ఇన్ని చూసి కొన్నా, చెవిలో కుదురుగా కూర్చోకపోతే డబ్బు దండగే. మా అమ్మాయి కోచింగ్ పాఠాలు వింటూ, సార్ మాట సరిగ్గా వినిపించడం లేదని రోజూ సౌండు చివరిదాకా పెంచేది. రాత్రి పడుకోబోయేముందు "అమ్మా, చెవిలో గుయ్‌మంటోందే" అంది. నా గుండె గుభేలుమంది. డాక్టరుగారు పరీక్ష చేసి, వినికిడికి ఏం ఢోకా లేదు గానీ ఈ అలవాటు మానాలన్నారు. ఇయర్‌ఫోన్స్ తెమ్మని చూసి, "ఈ రబ్బరు తొడుగు అమ్మాయి చెవికి పెద్దది, లోపలికి పోకుండా అంచునే ఆగిపోతోంది" అన్నారు. ఇంటికొచ్చి డబ్బాలో ఉన్న చిన్న సైజు తొడిగాం. అదే ఇయర్‌ఫోన్, అదే పాఠం, సౌండు సగంలో పెట్టినా మాట గంట కొట్టినట్టు వినిపించింది.

ఎందుకంటే సందు ఉంటే లోపలి బేస్ బయటికి పోతుంది, బయటి ఫ్యాను మోతా మిక్సీ రొదా లోపలికి వస్తాయి. పాట పలచబడుతుంది, మనం సౌండు పెంచుతాం. అందుకే డబ్బాలో ఇచ్చే మూడు సైజుల్నీ ఓపిగ్గా పెట్టి చూడండి. కుడి చెవికి ఒక సైజు, ఎడమకు ఒకటి పట్టినా ఆశ్చర్యపోకండి, చాలామందికి అంతే. ఎదుటి చేత్తో చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ కాస్త లాగి పెట్టుకుంటే చక్కగా దిగుతుంది. సరిగ్గా కూర్చుంటే మన మాట మనకే బిందెలో మాట్లాడినట్టు గుమ్మంటుంది, అదే గుర్తు. రబ్బరువి అసలు పట్టకపోతే నొక్కితే కుదించుకుని చెవిలో మళ్ళీ ఉబ్బే ఫోమ్ తొడుగులు విడిగా దొరుకుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. అదే 90 కి పెంచితే 4 గంటలే! పదే కదా పెరిగిందనుకుంటాం, చెవికి మాత్రం అది పదింతల భారం. ఫోనులో సౌండు 60 శాతం దాటకుండా చూసుకోమని కూడా వాళ్ళు చెబుతారు. పిల్లలు వింటున్నప్పుడు ఒకసారి వెళ్ళి ఆ గీత ఎక్కడుందో చూడండి. మీ మీద విసుక్కున్నా సరే.

వైర్ ఉన్నవా, లేనివా? పాటా పాఠమూ ముఖ్యమైతే, ఖర్చు తక్కువలో అయిపోవాలంటే వైర్ ఉన్నవే నా ఓటు. వెయ్యి, రెండువేల మధ్య శుభ్రంగా పలికేవి వస్తున్నాయి. వైర్ లేనివాటిలో మన డబ్బు కొంత బ్యాటరీకీ బ్లూటూత్‌కీ పోతుంది, కొన్నేళ్ళకు ఆ బ్యాటరీ నీరసిస్తుంది. వంటింట్లో తిరిగేటప్పుడు వైర్ గరిటెకు తగులుకోదన్న సుఖం ఉంది, కాదనను. కొనేముందు మీ ఫోనుకు గుండ్రటి కన్నం ఉందో, టైప్-సి ఒక్కటే ఉందో చూసుకోండి. చెవిలో పెట్టుకునేవి కనుక విప్పితే చాలా కొట్లలో వెనక్కి తీసుకోరు, ముందే అడగండి. పొయ్యి మీద కుక్కరు ఉన్నప్పుడూ, రోడ్డు మీదా రెండు చెవుల్లోనూ పెట్టుకోకండి, విజిల్ లెక్క తప్పడం చిన్న సంగతి, వెనక వచ్చే లారీ అలా కాదు.

ఉన్నట్టుండి ఒక పక్క సౌండు తగ్గితే పాడైపోయిందని పారేయకండి. ముప్పాతిక వంతు గులిమి ఆ సన్నటి జాలీకి అడ్డం పడి ఉంటుంది. పొడి టూత్‌బ్రష్‌తో, జాలీని కిందికి వంచి మెల్లగా దులపండి. పిన్నీసు పెట్టి పొడవకండి, జాలీ చిరుగుతుంది. రబ్బరు తొడుగులు మాత్రం ఊడదీసి వారానికోసారి గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే తొడగండి. తలకు నూనె రాసుకున్న రోజున చెవులు తుడుచుకుని మరీ పెట్టుకోండి, నూనె జిడ్డుకు తొడుగు జారిపోయి మళ్ళీ సందు పడుతుంది.